విశాఖలో గెలిచాక నాలుగూ ఎందుకు ఓడాం: 2005 పాకిస్థాన్ వన్డే సిరీస్

మధురవాడలో ఇంజనీరింగ్ చదువుతున్నానని చెబుతూ మీరు రాసిన ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. 2005 ఏప్రిల్ 5న మన ఊళ్లో పాకిస్థాన్ మీద ధోని 148 పరుగులు చేసిన మ్యాచ్‌తో భారత్ 2–0 ఆధిక్యంలోకి వెళ్లి కూడా ఆరు వన్డేల సిరీస్‌ను 4–2తో ఎలా పోగొట్టుకుందన్నది మొదటిది. అంతవరకు ఏమీ చేయని కుర్రవాణ్ణి మూడో స్థానంలో పంపడం గంగూలీ ఆడిన జూదమే కదా అన్నది రెండోది. మీ నాన్నగారు అంటున్నట్టు విశాఖలో జరిగిన మ్యాచ్‌లన్నింటిలోకీ అదే గొప్పదా అన్నది మూడోది. జిల్లా లీగ్ మ్యాచ్‌లకు చాలా ఏళ్లు స్కోరు రాసినవాడిని, ఆ రోజు గ్యాలరీలో కూర్చుని చూసినవాడిని కాబట్టి కాస్త వివరంగానే సమాధానం చెబుతాను.

మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది: సిరీస్ చేజారడానికి కారణం తర్వాతి మ్యాచ్‌లు జరిగిన జంషెడ్‌పూర్‌లోనో కాన్పూర్‌లోనో కొత్తగా పుట్టలేదు. విశాఖ మ్యాచ్ రెండో సగంలోనే అది కళ్లెదుట ఉంది. అయితే మనవాళ్లు చేసిన 356 పరుగుల సంబరంలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ముందుగా ఆ పర్యటన నేపథ్యం కొంత తెలియాలి. 1999 కార్గిల్ యుద్ధం తర్వాత రెండు దేశాల మధ్య ద్వైపాక్షిక సిరీస్‌లు ఆగిపోయాయి. 2004లో భారత జట్టు పాకిస్థాన్ వెళ్లి వన్డేలను 3–2తో, టెస్టులను 2–1తో గెలుచుకుని వచ్చింది. 1989 తర్వాత ఆ దేశంలో మనవాళ్లు టెస్టులు ఆడడం అదే మొదటిసారి. దానికి ప్రతిగా 2005లో ఇంజమామ్ ఉల్ హక్ నాయకత్వంలో, బాబ్ వూమర్ శిక్షణలో పాకిస్థాన్ ఇక్కడికి వచ్చింది. షోయబ్ అఖ్తర్ రాలేదు. పేస్ బౌలింగ్ భారమంతా మహమ్మద్ సమీ, రాణా నవేద్ ఉల్ హసన్, రజాక్‌ల మీదే పడింది. భారత్‌కు వచ్చిన పాకిస్థాన్ జట్లలో ఇదే బలహీనమైనదని వ్యాఖ్యాతలు తొలివారంలోనే తేల్చేశారు. మొహాలీ టెస్టు డ్రా అయి, కోల్‌కతాలో భారత్ 195 పరుగుల తేడాతో గెలిచాక ఆ అభిప్రాయం మరింత బలపడింది. కానీ బెంగళూరులో యూనిస్ ఖాన్ 267 పరుగులు చేశాడు, చివరి రోజున మనవాళ్లు కుప్పకూలారు, 168 పరుగుల తేడాతో ఓడి సిరీస్‌ను 1–1తో ముగించుకున్నారు. వన్డేలు మొదలయ్యేనాటికి పాకిస్థాన్ ఆటగాళ్లలో వచ్చిన ధీమాకు మూలం అక్కడుంది. రాజకీయంగానూ అవి మంచి రోజులే: విశాఖ మ్యాచ్ జరిగిన రెండు రోజులకే, ఏప్రిల్ 7న, శ్రీనగర్–ముజఫరాబాద్ బస్సు మొదలైంది.

ఏప్రిల్ 2న కొచ్చిలో జరిగిన తొలి వన్డేలో సెహ్వాగ్ 108, ద్రవిడ్ 104 చేయగా భారత్ 281 పరుగులు సాధించి, పాకిస్థాన్‌ను 194కే ఆలౌట్ చేసింది. ఆ 194లో ఐదు వికెట్లు సచిన్ టెండూల్కర్‌వి, 50 పరుగులిచ్చి. అందరూ సచిన్‌ను పొగిడారు, పొగడవలసిందే. కానీ ఒక జట్టు అంతర్జాతీయ మ్యాచ్ గెలవడానికి తన ప్రధాన బ్యాట్స్‌మన్ ఐదు వికెట్లు తీయవలసి వచ్చిందంటే, ఆ జట్టు బౌలర్ల సంగతేమిటన్న ప్రశ్న స్కోరు పుస్తకం ముందు కూర్చున్నవాడికి తప్పకుండా వస్తుంది. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి, ముందుముందు మళ్లీ అవసరమవుతుంది.

ఇక విశాఖ. మీకు ఇప్పుడు కనిపిస్తున్న పీఎం పాలెం అప్పుడిలా ఉండేది కాదు. స్టేడియం చుట్టూ ఇన్ని అపార్ట్‌మెంట్లు లేవు. మద్దిలపాలెం దాటి ఎండాడ మీదుగా జాతీయ రహదారిపై వస్తుంటే ఊరు వెనకబడిపోయి కొండలు దగ్గరయ్యేవి. 1988 నుంచి 2001 వరకు విశాఖలో అంతర్జాతీయ వన్డేలన్నీ బీచ్‌కు దగ్గరలోని ఇందిరా ప్రియదర్శిని మున్సిపల్ స్టేడియంలోనే జరిగాయి. మధురవాడ మైదానంలో మొట్టమొదటి అంతర్జాతీయ మ్యాచ్ ఇదే. డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి పేరు దానికి తర్వాతి కాలంలో పెట్టారు. అప్పటికి అది ఆంధ్ర క్రికెట్ సంఘం, విశాఖ జిల్లా క్రికెట్ సంఘాల పేర్లతో ఏసీఏ–వీడీసీఏ స్టేడియం మాత్రమే. కొత్త మైదానం, మొదటి మ్యాచ్, ఎదుటి జట్టు పాకిస్థాన్, ఏప్రిల్ నెల ఉక్కపోత. గ్యాలరీలో కూర్చున్న వాళ్లలో సగం మంది తలకు తువాళ్లు చుట్టుకున్నారు.

టాస్ గెలిచి భారత్ బ్యాటింగ్ తీసుకుంది. నాలుగో ఓవర్లోనే సచిన్ రెండు పరుగుల వద్ద రనౌట్ అయ్యాడు. స్కోరు 26. సచిన్ ఔటైనప్పుడు స్టేడియంలో ఎలాంటి నిశ్శబ్దం కమ్ముకునేదో ఆ కాలం చూసిన ఎవరినైనా అడగండి. ఆ నిశ్శబ్దంలోంచి, మెడ దాటిన జుట్టుతో, భుజాలు ఊపుకుంటూ వచ్చిన మనిషిని మా వరుసలో చాలామంది వెంటనే పోల్చుకోలేదు. గంగూలీ వస్తాడనుకుంటే కీపరు వచ్చాడేమిటని ఒకాయన విసుక్కున్నాడు. ఆయన విసుగులో అన్యాయమేమీ లేదు. 2004 డిసెంబరులో చిట్టగాంగ్‌లో తొలి మ్యాచ్‌లో మొదటి బంతికే రనౌటై సున్నాకు వెనుదిరిగిన ధోని, విశాఖకు ముందు ఆడిన నాలుగు ఇన్నింగ్స్‌లలో వరుసగా 0, 12, 7 నాటౌట్, 3 చేశాడు.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే చెప్పాలి. దాన్ని జూదమంటే నేను ఒప్పుకోను. ఏడో స్థానంలో దిగుతాననుకుని కూర్చున్న ధోనికి, టాస్ గెలిచి వచ్చాక మూడో స్థానంలో వెళ్లమని చెప్పానని గంగూలీ తర్వాత చాలాసార్లు వివరించాడు. మరి మీరో అని ధోని అడిగితే తాను నాలుగులో వస్తానన్నాడట. ఈ కథ వినడానికి అప్పటికప్పుడు తోచిన ఆలోచనలాగే ఉంటుంది. కానీ దాని వెనక లెక్క ఉంది. 2004 ఆగస్టులో నైరోబీలో భారత్–ఎ (రెండో శ్రేణి జట్టు) తరఫున ఆడుతూ ధోని పాకిస్థాన్–ఎ మీద రెండు శతకాలు కొట్టాడు, అంటే ఈ ప్రత్యర్థి శైలి అతనికి కొత్త కాదు. సిరీస్‌లో అప్పటికే 1–0 ఆధిక్యం ఉంది కాబట్టి ప్రయోగం చేయడానికి వీలుంది. పిచ్ బల్లపరుపుగా, బంతి బ్యాటుపైకి చక్కగా వచ్చేదిగా ఉంది. అన్నింటికీ మించి, అతను విఫలమైనా ద్రవిడ్, యువరాజ్ వెనకే ఉన్నారు. పోయేది చాలా తక్కువ, వచ్చేది చాలా ఎక్కువ అయినప్పుడు చేసే పనిని జూదమనరు.

అప్పటి నిబంధనలను కూడా దృష్టిలో పెట్టుకోవాలి. పవర్‌ప్లేలు అదే ఏడాది జులైలో వచ్చాయి. అంతకుముందు మొదటి 15 ఓవర్లలో పిచ్ చుట్టూ గీసిన వలయం బయట ఇద్దరు ఫీల్డర్లే ఉండాలన్న నియమం అమలులో ఉండేది. ఆ 15 ఓవర్లలో బంతిని ఫీల్డర్ల తలల మీదుగా కొట్టగలిగినవాడు మూడో స్థానంలో ఉంటే, ఓపెనర్ ఒకరు తొందరగా ఔటైనా వేగం తగ్గదు. సరిగ్గా అదే జరిగింది. సెహ్వాగ్, ధోని రెండో వికెట్‌కు పది ఓవర్లకు కాస్త పైగా ఆడి 96 పరుగులు జోడించారు. సెహ్వాగ్ 40 బంతుల్లో 74 చేసి వెళ్లిపోయాడు. గంగూలీ తొమ్మిదికే ఔటయ్యాడు. అక్కడ ద్రవిడ్ వచ్చాడు, నా దృష్టిలో ఇన్నింగ్స్‌ను నిలబెట్టిన భాగస్వామ్యం అప్పుడు మొదలైంది: నాలుగో వికెట్‌కు 149 పరుగులు, అందులో ద్రవిడ్ చేసింది 52.

148 అనగానే అందరూ సిక్సర్ల గురించే మాట్లాడతారు. ఒకసారి లెక్క వేసి చూడండి. 123 బంతుల్లో 15 ఫోర్లు, 4 సిక్సర్లు. బౌండరీల ద్వారా వచ్చినవి 84 పరుగులు, 19 బంతుల్లో. మిగిలిన 104 బంతుల్లో 64 పరుగులు పరుగెత్తి తీసుకున్నాడు. ఏప్రిల్ ఎండలో, విశాఖ ఉక్కపోతలో, ఆ తర్వాత 50 ఓవర్లు వికెట్ల వెనక కూర్చుని లేవవలసిన కీపరు అది చేశాడు. ద్రవిడ్ ఎదురుగా ఉండడం వల్ల ఒకటి రెండుగా మారింది, రెండు మూడుగా మారడానికి సిద్ధంగా ఉంది. బంతి కొట్టాక ధోని మొదటి పరుగును ఎంత వేగంగా తీసేవాడో, రెండో పరుగుకు ఎప్పుడు తిరిగేవాడో టీవీలో సరిగా కనిపించదు, ఎందుకంటే కెమెరా బంతి వెంట పోతుంది. గ్యాలరీలోంచి చూస్తే అదే ముందుగా కనిపించేది. క్రీజును బ్యాటుతో తాకడం, మెడ తిప్పి ఫీల్డర్ చేతిని చూడడం, మళ్లీ కదలడం అన్నీ ఒకే ఊపులో జరిగిపోయేవి.

కొట్టే తీరు మాత్రం క్లబ్బుల్లో కుర్రాళ్లకు నేర్పేది కాదు. కింది చెయ్యి బలంగా పనిచేసేది, బ్యాటు పూర్తిగా చుట్టూ తిరగకముందే బంతి వెళ్లిపోయేది. స్పిన్నర్లు వచ్చాక ముందుకు దూకి లాంగాన్ మీదుగా, మిడ్‌వికెట్ మీదుగా కొట్టాడు. అంత బలంగా కొడితే బంతి గాలిలో పైకి లేవాలి. ఇతని బంతులు మాత్రం తలల ఎత్తున నేరుగా తాడును దాటేవి. అప్పుడే మా వెనక వరుసలో ఎవరో, ఇతను ఖరగ్‌పూర్‌లో రైల్వే టికెట్ కలెక్టర్‌గా పనిచేశాడట అన్నారు. పక్కన ఉన్న రైల్వే ఉద్యోగి ఒకాయన ఆ మాటతో ఒక్కసారిగా ధోనికి బంధువైపోయాడు. చివరికి హఫీజ్ బౌలింగ్‌లో షోయబ్ మాలిక్‌కు క్యాచ్ ఇచ్చి ఔటయ్యేసరికి, వన్డేల్లో భారత వికెట్ కీపర్ చేసిన అత్యధిక స్కోరు అతని పేరున చేరింది. అంతకుముందున్న 145 ద్రవిడ్‌ది, 1999 ప్రపంచ కప్‌లో టాంటన్‌లో శ్రీలంక మీద చేసినది. ఆ రికార్డు పోగొట్టుకున్నవాడే అవతలి క్రీజులో నిలబడి దాన్ని బద్దలు కొట్టడానికి తోడ్పడ్డాడు. భారత్ 9 వికెట్లకు 356. పాకిస్థాన్ మీద అప్పటికి మనకు అదే అత్యధిక వన్డే స్కోరు.

ఇంతవరకు అందరికీ తెలిసిన కథే. మీ ప్రశ్నకు జవాబు మాత్రం తర్వాతి సగంలో ఉంది. పాకిస్థాన్ 44.1 ఓవర్లలో 298 పరుగులకు ఆలౌటైంది. పత్రికలు 58 పరుగుల ఘనవిజయమని రాశాయి. నేను ఆ స్కోరును మరో విధంగా చూస్తాను. చివరి వికెట్ పడేసరికి పాకిస్థాన్‌కు 35 బంతులు మిగిలి ఉన్నాయి, కావలసినవి 59 పరుగులు. ఓవర్‌కు దాదాపు 6.75 చొప్పున వాళ్లు పరుగులు తీశారు, మన రేటు 7.12. అంటే ఇంత పెద్ద స్కోరు ముందున్నా వాళ్లు వెనకబడింది పరుగుల వేగంలో కాదు, వికెట్లు కాపాడుకోవడంలో మాత్రమే. అబ్దుల్ రజాక్ 88, అప్పటికింకా యూసుఫ్ యొహానా అన్న పేరుతోనే ఆడుతున్న మహమ్మద్ యూసుఫ్ 71 చేశారు. వాళ్లిద్దరూ ఆడుతున్నంతసేపూ గ్యాలరీలో ఎవరూ నిశ్చింతగా కూర్చోలేదు. ధోనిని చూసి గంతులేసినవాళ్లు కూడా ఓవర్‌కెన్ని కావాలో పక్కవాళ్లను అడగడం మొదలుపెట్టారు.

వికెట్లు ఎవరు తీశారన్నది మరింత ముఖ్యం. ఆశిష్ నెహ్రా నాలుగు వికెట్లు తీశాడు కానీ 72 పరుగులిచ్చాడు. యువరాజ్ సింగ్ మూడు తీశాడు. కొచ్చిలో సచిన్ ఐదు, ఇక్కడ యువరాజ్ మూడు: గెలిచిన రెండు మ్యాచ్‌లలో పడిన 20 వికెట్లలో ఎనిమిది పార్ట్‌టైమ్ బౌలర్లవే, అంటే ప్రధానంగా బ్యాటింగ్ చేస్తూ అప్పుడప్పుడు బంతి వేసేవాళ్లవే. ఇంట్లో బియ్యం నిండుకున్నప్పుడు చుట్టాలు తెచ్చిన పిండివంటలతో రెండు రోజులు గడిపినట్టుంది ఆ పరిస్థితి. (పార్ట్‌టైమ్ బౌలర్లు అప్పుడప్పుడు అద్భుతాలు చేయరని కాదు. 1988 డిసెంబరులో మన పాత స్టేడియంలోనే న్యూజిలాండ్ మీద కృష్ణమాచారి శ్రీకాంత్ 70 పరుగులు చేసి, 27 పరుగులకే ఐదు వికెట్లు కూడా తీశాడు. అయితే ఆ నమ్మకంతో ఎవరూ ఆయన్ను మరుసటి మ్యాచ్ నుంచి ప్రధాన బౌలర్‌గా భావించలేదు.) గెలుపు తర్వాత ఈ లోటు గురించి ఆలోచించవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు. ఓడిన పాకిస్థాన్‌కు మాత్రం కనిపించింది. ఈ పిచ్‌ల మీద ఈ బౌలింగ్‌ను మూడు వందలు కొట్టవచ్చని వాళ్లకు విశాఖలోనే అర్థమైంది.

మిగతా నాలుగు మ్యాచ్‌లను ఈ కోణంలో చదివితే వింతగా తోచేది ఏమీ ఉండదు. ఏప్రిల్ 9న జంషెడ్‌పూర్‌లో సల్మాన్ బట్ శతకంతో పాకిస్థాన్ 319 చేసింది. రాణా నవేద్ 27 పరుగులకే ఆరు వికెట్లు తీయడంతో మనవాళ్లు 213కు ఆలౌటై 106 పరుగులతో ఓడారు. 12న అహ్మదాబాద్‌లో 48 ఓవర్లకు కుదించిన మ్యాచ్‌లో సచిన్ 123తో భారత్ 315 చేసింది. పాకిస్థాన్ 319 చేసి చివరి బంతికి గెలిచింది. 15న కాన్పూర్‌లో భారత్ 249 చేస్తే షాహిద్ అఫ్రిదీ 45 బంతుల్లోనే శతకం కొట్టాడు, 43వ ఓవర్లో ఆట ముగిసింది. 17న ఢిల్లీలో అధ్యక్షుడు ముషారఫ్ చూస్తుండగా పాకిస్థాన్ 303 చేసి మనల్ని 144కే కట్టడి చేసింది. కొచ్చి తర్వాత పాకిస్థాన్ చేసిన స్కోర్లు వరుసగా రాసి చూడండి: 298, 319, 319, 252, 303. ఇందులో 252 లక్ష్యం అంతకు మించి లేకపోవడం వల్ల వచ్చిన అంకె, అదీ 42.1 ఓవర్లలో. ఓవర్‌కు ఆరు పరుగులంటే ఆ రోజుల్లో గెలుపు స్కోరు. అటూఇటూగా అదే రేటును భారత బౌలర్లు ఐదు మ్యాచ్‌లపాటు వరుసగా ఇచ్చారు. ఆ వరుస జంషెడ్‌పూర్‌తో కాదు, విశాఖతో మొదలైంది.

అహ్మదాబాద్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే సిరీస్ మొత్తం ఆ ఒక్క ఓవర్లో కనిపిస్తుంది. చివరి ఓవర్లో పాకిస్థాన్‌కు మూడు పరుగులు కావాలి. క్రీజులో ఇంజమామ్. బంతి ఎవరికిచ్చారు? జహీర్‌కు కాదు, నెహ్రాకు కాదు, అంతకుముందు 123 పరుగులు చేసిన సచిన్‌కు. సచిన్ ఆ మూడు పరుగులను కూడా చివరి బంతి దాకా సాగదీశాడు. ఆఖరి బంతిని ఇంజమామ్ ఆఫ్‌సైడ్‌లో బౌండరీకి పంపాడు. ఆ ఓవర్‌ను సచిన్ ధైర్యానికి ఉదాహరణగా చెప్పడం అందరికీ అలవాటు. నాకు మాత్రం కొచ్చిలో వేసిన ప్రశ్న అక్కడ నిలబడి మళ్లీ అడిగినట్టనిపించింది. బ్యాటింగూ సచినే, ఆఖరి ఓవరూ సచినే అయితే మిగతా బౌలర్లు ఎందుకున్నట్టు?

ఆ మ్యాచ్‌కు మరో పర్యవసానం ఉంది. ఓవర్లు నెమ్మదిగా వేయించినందుకు మ్యాచ్ రిఫరీ క్రిస్ బ్రాడ్ గంగూలీపై ఆరు వన్డేల నిషేధం విధించాడు. చివరి రెండు మ్యాచ్‌లకు ద్రవిడ్ నాయకత్వం వహించాడు. నాయకుడు మారడం వల్లే ఓడామని చెప్పేవాళ్లు ఉన్నారు. అది నిలబడే వాదన కాదు: అప్పటికే పాకిస్థాన్ 2–2తో సమం చేసింది, పైగా గంగూలీ బ్యాటు ఆ సిరీస్‌లో పెద్దగా పలికింది లేదు. నిజానికి ఓవర్లు ఆలస్యం కావడమే మన బౌలింగ్ జబ్బుకు మరో లక్షణం. బౌలర్లు మాట వినే స్థితిలో ఉన్నప్పుడు ఏ కెప్టెనూ ప్రతి బంతికీ ఫీల్డింగ్ మార్చుకుంటూ కూర్చోడు. జిల్లా లీగుల్లో కూడా ఇదే చూశాను. స్కోరు రాసేవాడికి ఓవర్ ఆలస్యమవుతోందంటే తరవాతి గడిలో ఫోరో సిక్సరో రాయవలసి వస్తుందని ముందే తెలుస్తుంది.

పాకిస్థాన్ గొప్పతనాన్ని తగ్గించి చెప్పడం నా ఉద్దేశం కాదు. 2–0తో వెనకబడిన జట్టు పరాయి గడ్డపై వరుసగా నాలుగు గెలవడం సామాన్యం కాదు. అఖ్తర్ లేని లోటును రాణా నవేద్ పూడ్చాడు. అతనికి పెద్ద వేగం లేదు, కానీ పాత బంతితో యార్కర్ పడవలసిన చోట పడేది. వూమర్ ఆ జట్టుకు ఏమి చెప్పాడో గదిలో ఉన్నవాళ్లకే తెలియాలి. మైదానంలో మాత్రం విశాఖ తర్వాత వాళ్లు బ్యాటింగ్‌లో వెనక్కి తగ్గలేదు, అదే దూకుడుతో వికెట్లు మాత్రం పొదుపుగా వాడుకున్నారు. చేసిన దిద్దుబాటు అదొక్కటే. మనవాళ్లు చేసుకోవలసిన దిద్దుబాటు మాత్రం బౌలింగ్‌లో ఉంది, అది ఒక్క వారంలో అయ్యే పని కాదు.

సిరీస్ తర్వాత జాన్ రైట్ శిక్షకుడిగా పదవీకాలం ముగించుకుని వెళ్లాడు, గ్రెగ్ చాపెల్ వచ్చాడు. ఆ ఏడాది జులై 30న దంబుల్లాలో శ్రీలంక మీద ఇద్దరు కొత్త కుర్రాళ్లు ఒకే మ్యాచ్‌లో అరంగేట్రం చేశారు: ఒకరు సురేశ్ రైనా, మరొకరు మన విశాఖ కుర్రాడు వేణుగోపాలరావు. వేణు 16 వన్డేలు ఆడాడు. ఏప్రిల్‌లో గెలిచి ఉంటే జులైలో కొత్తవాళ్ల కోసం అంత తలుపులు తెరిచేవారా అని మేము ఇక్కడ చాలాసార్లు వాదించుకున్నాం.

ధోని విషయంలో మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. 2005 అక్టోబరు 31న జైపూర్‌లో శ్రీలంక మీద మళ్లీ మూడో స్థానంలోనే వచ్చి 183 నాటౌట్ చేశాడు. మొత్తం వన్డే జీవితంలో ఆ స్థానంలో ఆడింది 16 ఇన్నింగ్స్‌లే, 993 పరుగులు, సగటు 82 దాటి ఉంది. అతన్ని అక్కడే ఉంచితే ఎన్ని వేల పరుగులు చేసేవాడో అని బాధపడేవాళ్లతో నేను సగమే ఏకీభవిస్తాను. మూడో స్థానానికి మనకు ఎప్పుడూ మనుషులు దొరికారు. 30 బంతుల్లో 45 కావలసిన వేళ చలించకుండా నిలబడే ఆరో నంబరు మాత్రం దొరకలేదు. విశాఖలో 104 బంతుల్లో 64 పరుగులు పరుగెత్తి తీసిన ఓపికే తర్వాత ఆ ఆరో నంబరు ఆటకు పునాది అయింది. ఆ ఇన్నింగ్స్‌లో జుట్టూ సిక్సర్లూ చూసినవాళ్లకు ఇది కనబడి ఉండదు.

మూడో ప్రశ్నకు జవాబు క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే గొప్పదనం విషయంలో ఎవరి అభిప్రాయం వారిది. ఆటగా చూస్తే విశాఖలో జరిగిన మేలైన వన్డే 2018 అక్టోబరు 24 నాటిదే: కోహ్లి 157 నాటౌట్‌తో పదివేల పరుగుల మైలురాయి దాటాడు, వెస్టిండీస్ బ్యాట్స్‌మన్ షై హోప్ 123 నాటౌట్‌తో నిలిచి ఆఖరి బంతికి ఐదు కావలసినచోట ఫోర్ కొట్టాడు, రెండు జట్లూ 321 వద్ద సమంగా ఆగాయి. 2016లో న్యూజిలాండ్ 79కే కూలడం, 2019లో కుల్‌దీప్ హ్యాట్రిక్ ఆనందాన్నిచ్చాయి. 2023 మార్చిలో ఆస్ట్రేలియా పేసర్ స్టార్క్ ధాటికి మనం 117కే ఔటై పది వికెట్లతో ఓడిన రోజు కూడా ఇక్కడే గడిచింది, దాన్ని మరిచిపోవడానికి కొంతకాలం పట్టింది. 2014 అక్టోబరులో వెస్టిండీస్‌తో జరగవలసిన మ్యాచ్‌ను హుద్‌హుద్ తుపాను మింగేసింది. వీటన్నింటి మధ్య 2005 మ్యాచ్ ఉత్కంఠలో మొదటిది కాకపోవచ్చు. కానీ భారత క్రికెట్ తర్వాతి పదిహేనేళ్లు ఎవరి చుట్టూ తిరగనుందో తెలిసిన రోజు అది, కాబట్టి మీ నాన్నగారి మాటను నేను కాదనను.

అలాంటి పర్యటన మళ్లీ చూస్తారా అన్నది మీరు అడగలేదు కానీ అడిగినట్టే ఉంది. విశాఖలో భారత్–పాకిస్థాన్ వన్డే జరిగింది ఆ ఒక్కసారే. 2007లో పాకిస్థాన్ వచ్చినప్పుడు ఇక్కడ మ్యాచ్ లేదు. 2008 ముంబై దాడుల తర్వాత రాకపోకలు తెగిపోయాయి. 2012 డిసెంబరు–2013 జనవరిలో రెండు టీ20లు, మూడు వన్డేల కోసం వాళ్లు వచ్చి వన్డేలను 2–1తో గెలుచుకున్నారు. రెండు దేశాల మధ్య ద్వైపాక్షిక సిరీస్ అదే ఆఖరిది. ఇప్పుడు ఐసీసీ టోర్నీల్లోనూ, ఆసియా కప్‌లోనూ తలపడడమే, అదీ 2027 వరకు ఒకరి గడ్డపై మరొకరు ఆడకుండా తటస్థ వేదికల ఏర్పాటుతో. రెండువారాల్లో ఆరు ఊళ్లు తిరుగుతూ, ఓడిన జట్టు నాలుగు రోజుల్లో తన లోపం దిద్దుకుని మళ్లీ ఎదురుపడే పోటీ టోర్నీల్లో దొరకదు. అక్కడ ఒక మ్యాచ్ ఓడితే ఆ చర్చ ఏడాది తర్వాతి మ్యాచ్ వరకు వాయిదా పడుతుంది.

మీరు ఆ మ్యాచ్ వీడియో చూడాలనుకుంటే రెండో ఇన్నింగ్స్‌తో మొదలుపెట్టండి. ధోనిని తర్వాతైనా చూడవచ్చు. రజాక్, యొహానా ఆడుతున్నప్పుడు ప్రతి ఐదు ఓవర్లకు ఒకసారి వీడియో ఆపి, స్కోరు, వికెట్లు, బౌలర్ పేరు ఒక కాగితం మీద వేసుకోండి. పక్కన జంషెడ్‌పూర్, అహ్మదాబాద్ స్కోరు కార్డులు పెట్టుకుంటే నేను చెప్పినదానితో మీరు ఏకీభవించేదీ లేనిదీ మీకే తెలుస్తుంది. ఏకీభవించకపోతే ఏ ఓవర్ దగ్గర తేడా వచ్చిందో రాయండి, అక్కడి నుంచి మాట్లాడుకుందాం.